పటిక అంటిన చోటే ఎరుపు

అమ్మ దిండు గలీబులో మాత్రల అట్టలు దొరికాయి. నెలరోజులవి. ఒక్క మాత్ర కూడా విప్పలేదు.

మా అమ్మ రాఘవమ్మకి వేసవిలో రొమ్ములో క్యాన్సరు గడ్డ తీశారు. అయిదేళ్ళపాటు రోజుకొక మాత్ర మానకూడదని డాక్టరుగారు చెప్పారు. పెడనలో మాది చెక్క అచ్చులతో బట్ట మీద పువ్వులు అద్దే పని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. బందరులో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశాను. కాబట్టి ఆ మాత్ర అమ్మచేత మింగించే పని నాదే. అట్టలు తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

"గడ్డ తీసి పారేశారు కదే, ఇంకా బిళ్ళ దేనికి? వేసుకుంటే ఒళ్ళంతా ఆవిర్లట. పక్కింటి దుర్గాదేవి చెప్పింది."

నేను కాగితం మీద కణం బొమ్మ గీశాను. "రక్తంలో హార్మోను తిరుగుతుంటుందమ్మా. దాన్ని పట్టుకునే గ్రాహకం ఉన్న కణానికే అది అందుతుంది. అక్కణ్ణించి పెరగమనే కబురు కణం నడిమధ్యకి..."

"గుండ్రంగా బానే ఉంది. అచ్చు చెక్కిద్దామా?" అంది అమ్మ.

కాగితం మడిచి పక్కన పెట్టాను.

ఆ మధ్యాహ్నం అమ్మ, పటికతో పువ్వులు అద్దిన బట్ట తానును కాలవలో జాడించుకు రమ్మంది. పటిక కంటికి సరిగా ఆనదు. వేర్ల రంగుతో కాగులో ఉడికించినప్పుడు, అది అంటిన చోటే ఎరుపు పడుతుంది. ఎండకి జడిసి, పెరటి తొట్టిలోనే జాడించి ఆరేశాను.

మర్నాడు అమ్మ కాగులోంచి తానును కర్రతో పైకెత్తింది. పువ్వులు ఎర్రగా వచ్చాయి. వాటి చుట్టూ తెల్లగా ఉండాల్సిన బట్ట మీదా ఎర్రటి మచ్చలే.

"తొట్టిలో జాడించావా?"

తల దించుకున్నాను.

"ఓ ఎమ్మెస్సీ! పారే నీళ్ళల్లో అయితే మిగులు పటిక కొట్టుకుపోయేది. నిలవ నీళ్ళల్లో ఊడి బట్టంతా అంటుకుంది. కంటికి కనపడదే అది. కాగులో పడ్డాకే బయటపడేది."

వంగి ఆ మచ్చల్ని దగ్గరగా చూశాను.

"నీ గడ్డా అంతేనమ్మా."

"ఏంటీ అంతే?"

"గడ్డ అనే పువ్వుని కోసేశారు. దాన్నుంచి ఊడిన కణాలు ఇంకెక్కడన్నా అంటుకున్నాయేమో, కనపడవు. హార్మోనేమో కాగులో రంగులాగా ఒళ్ళంతా తిరుగుతూనే ఉంటుంది. ఈ బిళ్ళ ముందే వెళ్ళి, ఆ కణాల్లో రంగుని పట్టే పటిక మీద కూర్చుంటుంది. రంగొచ్చినా పట్టడానికి చోటుండదు."

అమ్మ తడిబట్ట మీద మచ్చని బొటనవేలితో రుద్దింది. అది పోలేదు.

"మానేస్తే?"

"మానేస్తూ పోతే చోటు ఖాళీ అవుతుంది."

"మరి ఆవిర్లో?"

"వస్తే డాక్టరుగారికి చెబుదాం. దారి చూస్తారు."

"ఆ ముక్క మొదటే చెప్పక సున్నాలు గీశావు."

మర్నాడు పొద్దున్నే, కాగు కింద పుల్లలు ఎగదోస్తూ, నా వంక చూడకుండానే అరచెయ్యి చాపింది.

"ఇటు తే. నేను మింగుతాను. నువ్వు రెండో తాను తీసుకుని కదులు."

మాత్ర వేసుకుని చెంబెత్తి నీళ్ళు తాగింది. నేను తాను భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళేసరికి వెనక నించి కేక:

"కాలవలోనే!"