అన్నయ్యగారి సాక్షి సంతకం

"ఎవరండీ ఈవిడ?" అని నన్ను పదిమందిలో అన్న మనిషిని నేను ఈ జన్మకి క్షమించను. అన్నది ఏ దారినపోయేవాడో అయితే దులుపుకుని వచ్చేద్దును. కానీ అన్నది పన్నెండేళ్లుగా నన్ను చెల్లెమ్మా అని పిలిచిన సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు.

అంబాజీపేటలో ఆయనది పెద్ద కొబ్బరి వ్యాపారం. మా ఆయన అబ్బులు కువైట్ వెళ్లకముందు ఆయన లారీ తోలేవాడు. ఆ చనువుతోనే ఒకరోజు మా ఇంటికొచ్చి నా పాన్ కార్డు పట్టుకెళ్లి, నా పేరున బ్యాంకు ఖాతా తెరిపించారు. "చిన్న సాయం చెల్లెమ్మా, లెక్కల కోసం" అన్నారు. ఇంకోసారి కారులో రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్లి, రోడ్డు పక్కన కట్టిన కొత్త గోడౌను నా పేరున రాయించారు. అక్కడ సంతకాలు పెట్టి, ఫొటో దిగి, ఆయన ఇప్పించిన సోడా తాగి ఇంటికొచ్చేశాను. తర్వాత ఆ సంగతే మర్చిపోయాను.

ఆ ఖాతాలో ఆయన సరుకు డబ్బు కోట్లలో తిరిగిందట. ఆదాయపన్ను ఒక్క రూపాయి కట్టలేదట. నోటీసులన్నీ ఆయన గుమాస్తా కుమారస్వామి మెయిలుకి పోయాయి కాబట్టి నా దాకా ఏదీ రాలేదు. చివరికి ఒక కాగితం మా తలుపుకే అంటించారు. నలభై లక్షల పన్ను బాకీ, కట్టకపోతే ఇల్లు జప్తు.

మా ఇల్లంటే రెండు గదులూ ఒక వంటిల్లూ. ఇంకా గోడలకి రంగైనా వెయ్యలేదు. కువైట్ ఎండల్లో బండి తోలి, తిండి తగ్గించుకుని, పంపిన ప్రతి పైసాతో మా ఆయన కట్టుకున్న ఇల్లది. సంగతి ఆయనకి ఫోనులో చెప్పాను. "మనిల్లు పోద్దా దుర్గా?" అని మాత్రం అడిగాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

ఆ కాగితం పట్టుకుని పరుగున రావు గారి యార్డుకి వెళ్లాను. కాయలు వలిచేవాళ్లు, లారీలకెత్తేవాళ్లు, బయటి రాష్ట్రం నుంచి వచ్చిన వ్యాపారులు, అందరూ ఉన్నారు.

"అన్నయ్యగారూ, ఇదేంటండీ?" అన్నాను.

ఆయన కాగితం చూశారు. ఆ వ్యాపారుల వంక చూశారు. అప్పుడు ఆ మాట అన్నారు.

"ఎవరండీ ఈవిడ? వ్యాపారం చేసుకుంది, పన్ను ఎగ్గొట్టింది. నాకేం సంబంధమండీ? ఇలాంటోళ్లని లోపలికెవరు రానిచ్చేరు?"

కుమారస్వామి నా రెక్క పట్టుకుని గేటు బయటికి తోశాడు. వెనక ఎవరో నవ్వారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంట చల్లారాలని కూడా నాకు లేదు.

మర్నాడే పన్ను ఆఫీసుకి వెళ్లాను. బాకీలు వసూలు చేసే అధికారి జ్యోతిర్మయి గారని ఒకావిడ. ఖాతా సంగతంతా చెప్పుకున్నాను.

"సంతకాలన్నీ మీవేనమ్మా. ఆ డబ్బు ఆయనదని చూపించడానికి మీ దగ్గరేముంది?"

"ఏమీ లేదండీ. అన్నయ్యగారని నమ్మేను."

ఆవిడ కంప్యూటర్ చూసి, "మీ పేరున రెండు ఆస్తులున్నాయి. ఇల్లు ఒకటి, గోడౌను ఒకటి. గోడౌను వేలం వేస్తే బాకీ మొత్తం తీరిపోతుంది. ఇంటి జోలికి రానక్కర్లేదు" అన్నారు.

గోడౌను అనగానే ఆ సోడా గుర్తొచ్చింది.

"ఎవరైనా వచ్చి అది నాదంటేనోనండీ?"

"అలా అంటే, కట్టిన డబ్బు ఎక్కడిదో, పరాయి మనిషి పేరున ఎందుకు పెట్టారో రాసివ్వాలి. అప్పుడు వాళ్ల మీద వేరే కేసు అవుతుంది. గోడౌను సర్కారు తీసేసుకుంటుంది. ఇంతకీ అది మీదేనా?"

ఆ కాగితం చూశాక మొదటిసారి నాకు నవ్వొచ్చింది. ఆయన చేత్తో ఆయనే నాకు రాసిచ్చిన ఆస్తి కాదని నేనెందుకు అనాలి?

"ఆయ్, నాదేనండీ" అన్నాను.

గోడౌను జప్తు చేస్తారన్న కబురు ఎలా తెలిసిందో గాని, ఆ వారంలోనే మా గుమ్మంలో కారు ఆగింది. రావు గారు పళ్లబుట్టతో దిగారు.

"చెల్లెమ్మా! ఎంత చిక్కిపోయేవమ్మా!"

"రండి అన్నయ్యగారూ, కూర్చోండి." మజ్జిగ ఇచ్చాను.

"ముందు ఇల్లే జప్తు చేసుకోమని రాసియ్యమ్మా. ఈలోగా గోడౌను సంగతి నేను చూసుకుంటాను. ఇల్లు పోతే పోనీ, ఇంతకి రెండింతలది కట్టించి ఇస్తాను."

ఎంత తేలిగ్గా అన్నాడో చూడండి! పోతే పోనీ అట!

"అలాగేనండీ. మరి నాదో చిన్న కోరిక. ఆరోజు యార్డులో ఉన్నోళ్లందరి ముందూ, ఈవిడ మా చెల్లెమ్మే, వ్యాపారం నాదే, పన్ను నేనే కడతానని ఒక్కసారి చెప్పండి. మీరేది రాయమంటే అది రాస్తాను."

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "పరువు పోద్దమ్మా."

"నాది పోలేదేంటండీ?"

"నీకేముందమ్మా, నాలుగిళ్ల మధ్య ఉండేదానివి. నాది పదూళ్లలో పరువు."

"అయితే వెళ్లిరండి అన్నయ్యగారూ. ఆ పళ్లు కూడా పట్టుకెళ్లండి" అన్నాను.

జప్తు రోజు గోడౌను ముందు ఊరంతా చేరింది. యార్డు పనివాళ్లూ వచ్చారు. జప్తు సంగతి డప్పు కొట్టి చాటాలని ఇప్పటికీ రూలుందట. సత్తియ్య డప్పు వాయిస్తే, సత్యదుర్గ గారి గోడౌను పన్ను బాకీ కింద జప్తు అయిందని జ్యోతిర్మయి గారి మనిషి గట్టిగా చదివాడు. అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడిగాడు.

అందరూ రావు గారి వైపే చూశారు. గోడౌను ఎవరిదో తెలియనివాడు ఊళ్లో ఎవడున్నాడు? ఆయన కండువాతో మెడ తుడుచుకున్నారు.

"సాక్షి సంతకం కావాలి" అన్నారు జ్యోతిర్మయి గారు.

"రావు గారున్నారు కదండీ! పదూళ్లలో పరువున్న మనిషి" అన్నాను.

"నేనెందుకండీ..." అని ఆయన వెనక్కి జరిగారు.

"సంబంధం లేనోళ్లే సాక్షి సంతకం పెట్టాలంటండీ. మీకేం సంబంధం లేదని మీరే అన్నారు కదా. ఉందంటే చెప్పండి, మేడం గారు ఇక్కడే ఉన్నారు."

ఆయన వచ్చి కలం పట్టుకున్నారు.

"ఈవిడెవరో మీకు తెలుసాండీ?" అని అడిగారు జ్యోతిర్మయి గారు.

యార్డు జనమంతా ముందుకి జరిగారు. కుమారస్వామి తల దించుకున్నాడు.

"తెలుసండీ" అన్నారు రావు గారు నేల చూస్తూ. "సత్యదుర్గ గారు. ఈ గోడౌను... ఆవిడదేనండీ."

సంతకం పెట్టి, నా పక్కనుంచి పోతూ గొంతు తగ్గించి, "నా కడుపు కొట్టేవు చెల్లెమ్మా" అన్నారు. కళ్లలో నీళ్లున్నాయి. నాకు అణువంత జాలి కూడా కలగలేదు. ఫోను ఎత్తి పట్టుకున్నాను. అవతల మా ఆయన వింటున్నాడు.

"సత్తియ్యగారూ, మా ఆయనకి సరిగ్గా వినపడలేదంటండీ. ఇంకోసారి కొట్టండి" అన్నాను.