గిద్ద మీద గోపురం

నేను ఒక గిద్దను. గింజలు కొలిచే ఇత్తడి గిద్దను. మానిక మా ముత్తాత, తవ్వ మా తాత, సోల మా నాన్న. వంశం పెద్దదే, పొట్టే చిన్నది. దేవుణ్ణి కొలిచేవాళ్ళు కొందరే; నన్ను పట్టుకుని కొలవనివాళ్ళు ఒకప్పుడు లేరు. అదే నా కొలువు.

బుడితిలో ఒక కంచరి నన్ను పోతపోసి, నెత్తిన నాలుగు మొట్టి, లోకంలోకి తోశాడు. మొదట అనకాపల్లిలో ఒక కిరాణా కొట్లో చేరాను. కొట్టాయన నా అంచును వేలితో గీసి, ఒక్క గింజ కూడా మీదుగా పోనిచ్చేవాడు కాదు. ఆయన కూతురు నూకరత్నం పెళ్ళయి వెళ్తూ నన్ను సారెలో తీసుకెళ్ళింది. అత్తగారు మొదటిరోజే హెచ్చరించింది.

"మొగుడికి వండేది గీసి కొలవకే అమ్మా. ఆయుస్సు గీసీసినట్టవుద్ది. గోపురంలాగ పొయ్యి. ఆ మీద ఇంకో పిడికెడెయ్యి."

మనుషులు చిత్రమైనవాళ్ళు. అమ్మేటప్పుడు నేను కొలతను, పెట్టేటప్పుడు ప్రేమను.

నూకరత్నం భర్త లోకనాథం దర్జీ. ఊరందరి నడుములూ అంగుళాల్లో కొలిచి, తన నడుమును మాత్రం దేవుడికి వదిలేశాడు. బెల్లం మార్కెట్టు వెనక వీధిలో ఇల్లు. అక్కడ గాలి కూడా తియ్యగానే వీస్తుంది. ఆయన ఒంట్లో చక్కెర చేరింది. ఆస్పత్రి చుట్టూ చక్కర్లు మొదలయ్యాయి. డాక్టరమ్మ మాత్రలు రాసింది. తెల్లన్నం బదులు పూటకో గిద్ద కొర్రలు వండుకోమంది, సగం కంచం కూరలుండాలంది. కాకర, మెంతులు కూడా మంచివేనంది.

నూకరత్నం అన్నీ శ్రద్ధగా చేసింది. నానబెట్టిన మెంతులు, కాకరకాయ కూర, తోటకూర పప్పు. కొర్రలు నాతోనే కొలిచింది. గోపురం కట్టి, ఆ మీద పిడికెడు వేసి.

"కొర్రలే కదే రత్నం! ఇంకో ముద్దెట్టు. ఇది అన్నం కాదు, మందు."

"తిను మావా. మందు ఎక్కువైతే ఏటవుద్ది?"

కాకర చేదు నాలిక్కి తగిలాక లోకనాథానికి ధైర్యం మరీ పెరిగింది. "ఇంత సేదు మింగతన్నాను, మళ్ళీ మాత్రలెందుకే?" అని వాటిని మానేశాడు. కొర్రల్లో ఏ కొర్రీ లేదు. కొర్రీ అంతా కొలతలోనే.

ఆయన చెప్పుల్లేకుండా మిషను తొక్కుతాడు. ఒకరోజు కింద పడిన సూది కుడికాలి బొటనవేలిలో దిగింది. చక్కెరకు పాదం మొద్దుబారి, ఆయనకు తెలియలేదు. తెలియకపోవడమే అసలు జబ్బు. చూసేసరికి వేలు నల్లబడింది.

ఎంత పెడుతున్నదీ చూపిస్తానని నూకరత్నం నన్ను సంచిలో వేసుకుని ఆస్పత్రికి వెళ్ళింది.

"మాత్రలు వేసుకుంటున్నారా?" అడిగింది డాక్టరమ్మ.

లోకనాథం తల వంచుకున్నాడు. "కొర్రలు తింటన్నానమ్మా."

"కొర్రలు మాత్రకు తోడండీ, బదులు కాదు. అవీ ధాన్యమే. ఎంత తింటున్నారు?"

"గిద్దేనమ్మా," అంది నూకరత్నం. అంటూనే ఆమె చెయ్యి నా మీద గాలిలో గోపురం కట్టేసింది. అది చూసి డాక్టరమ్మ, ఆ గోపురం గీసేసి కొలవమంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది, వేలు తీసెయ్యాలని, కాలు దక్కుతుందో లేదో ఇక వీళ్ళ జాగ్రత్తే తేలుస్తుందని.

వేలు పోయింది. ఇంటికొచ్చాక మొదటి వంట. నూకరత్నం నాలో కొర్రలు పోసింది. గోపురం లేచింది. గీయడానికి వేలు చాపి, వెనక్కి తీసుకుంది. మళ్ళీ చాపింది.

"నా సేత్తో గియ్యలేను మావా."

లోకనాథం కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చాడు. గోడకు ఆనుకుని, కత్తెర పట్టి కాయలుగాసిన చేత్తో నా అంచును గీసేశాడు. గింజలు డబ్బాలోకి జారాయి.

"గీసీసాను. సూడు, బతికే ఉన్నాను."

ఆమె నవ్వబోయి ఏడ్చింది.

ఇప్పుడు నా పక్కన మాత్రల డబ్బా ఉంది. మాకు పేచీ లేదు, ఎవరి పని వాళ్ళది. పుండు మానింది, కాలు దక్కింది. ముందు గదిలో మిషను నడుస్తోంది. వేలు లేని పాదం కదా, ఉండుండి తడబడి ఆగుతుంది. ఆగినప్పుడల్లా నూకరత్నం వంటింట్లో గరిటె ఆపి వింటుంది. చప్పుడు మళ్ళీ మొదలయ్యాకే కూర కలుపుతుంది.