సుందరి కణాలు

హౌరా దగ్గర సంత్రాగాఛిలో లోకల్ రైలు పూర్తిగా ఆగకముందే సుందరి దూకేసింది. తమ్ముడు కోదండానికి తన తెల్లకణాలు ఎక్కించిన నాటినుంచి ఆవిడ వరస ఇంతే, ఒకచోట కాలు నిలవదు. టికియాపారాలో తన ఇంట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే వీధి గుమ్మంలోకొచ్చి నిలబడేది. తన ఒంట్లోంచి వెళ్ళినవి అక్కడ ఏం వెలగబెడుతున్నాయో! కేన్సరుని తంతున్నాయా, ముసుగుతన్ని పడుకున్నాయా? ఫోను చేస్తే తల్లి అప్పలకొండమ్మ "బాగున్నాడే" అని పెట్టేసేది. నిన్నటినుంచి అసలు ఎత్తడమే లేదు.

కోదండం రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రక్త కేన్సరు వస్తే అక్క ఎముక మూలుగ ఎక్కించారు. కొన్నాళ్ళు బాగానే తిరిగాడు. పాడు జబ్బు మళ్ళీ తగలడింది. ఆఖరి ప్రయత్నంగా అక్క రక్తంలోని కణాలనే తీసి ఎక్కించాడు డాక్టరు మృత్యుంజయ బాబు.

"విదేశాల్లో ఈ కణాలని ల్యాబులో మలిచి, కేన్సరుని మాత్రమే పట్టుకునేలా తయారుచేస్తున్నారు. మన ఆసుపత్రిదాకా ఇంకా రాలేదు," అన్నాడాయన హిందీలో. "ఇవి చదువూ సంధ్యా లేని కణాలు. కేన్సరుతోపాటు మీ తమ్ముడి చర్మాన్నీ పేగుల్నీ కూడా తంతాయి. ఒళ్ళు ఎర్రగా పొక్కితే పని మొదలైందని సంతోషించండి. కానీ ఆ రోజే తీసుకురండి. ఆలస్యమైతే కేన్సరుతోపాటు మనిషీ పోతాడు."

"నేను చదివింది ఏడో క్లాసే, నా కణాలకి చదువెక్కడిది బాబూ," అని సుందరి నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండుతోంది.

రైల్వే క్వార్టరు గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. సుందరి గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. లోపల చాప మీద కోదండం. మెడనుంచి అరికాళ్ళదాకా ఎర్రగా పొక్కిపోయి, ఒళ్ళంతా పసుపు పూతతో కళ్ళు మూసుకుని పడి ఉన్నాడు.

"కాళ్ళు కడుక్కోకండా రాకే," అంది అప్పలకొండమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి. "ఆడికి అమ్మోరు పోసింది. పక్కింటి బెంగాలీ మాసీ కూడా సూసి, మాయెర్ దోయా, అమ్మోరి దయ అంది."

"ఆసుపత్రి మాత్రలు ఏసినావా?"

"అమ్మోరు ఇంట్లో ఉండగా మందులేటి? ఆపేసినాను."

తల్లిని తిట్టి ఏం లాభం? శ్రీకాకుళం వైపు ఆ వయసు తల్లి ఎవరైనా అదే చేస్తుంది. అమ్మవారు పోసిన బిడ్డని గడప దాటించకూడదు, మందు ముట్టించకూడదు. ఇద్దరు బిడ్డలనీ చిన్నప్పుడు అలాగే కాచుకుని బతికించుకున్న మనిషి. అన్నీ తెలిసినా సుందరికి కోపం ఆగలేదు.

"టాక్సీ పిలుస్తాను. ఆడ్ని లేపు."

"సంపేస్తావేటే నా గుంటణ్ణి? తల్లికి కోపమొస్తే పేనం తీసుకుపోద్ది. నాను సచ్చినాక తీసుకెల్లు."

"అప్పా," అని అక్కని పిలిచాడు కోదండం కళ్ళు తెరవకుండానే. "ఒళ్ళు కాలిపోతంది. పొద్దుటినుంచి ఒకటే ఇరోసనాలు. ఏటైనా సెయ్యే."

సుందరి గుమ్మంలోంచే ఆ పొక్కుల్ని చూసింది. రోజూ పొద్దున్నే లేచి ఆ కణాలకే దండం పెట్టుకుంది, కొట్టండి, ఒక్కదాన్నీ ఒగ్గొద్దు అని. అవి చెప్పినమాట విన్నాయి. తల్లి కాళ్ళు పట్టుకుందామా, తోసుకుని లోపలికి పోదామా అని ఒక్క క్షణం తటపటాయించింది. చివరికి నోట వచ్చిన మాట వేరు.

"అమ్మా, అది అమ్మోరు కాదు. నాను."

"నువ్వేటే?" అంది అప్పలకొండమ్మ.

"ఆడి ఒంట్లోకి ఎక్కించింది నా రక్తమే కదా. అదే ఆడ్ని కాల్సేస్తంది. దాన్ని ఆపడానికి ఆసుపత్రిలో మందుంది. ఈయాళ తీసుకెల్లకపోతే నా తమ్ముణ్ణి నానే తినేస్తాను."

అప్పలకొండమ్మ కూతురి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. మెల్లగా గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చుంది. అమ్మవారికి మొక్కినట్టు రెండు చేతులతో కూతురి పాదాలు పట్టుకుంది.

"తల్లీ, ఎర్రిగుంటడు, తెలీక ఏటి తప్పు సేసినాడో," అంది. "ఆడ్ని ఒగ్గేయమ్మా."

సుందరి పాదాలు వెనక్కి లాక్కోబోయి ఆగింది. తన చేతిలో ఏమీ లేదని చెబితే ఈవిడ గుమ్మం వదలదు.

"ఒగ్గేస్తాను," అంది.

అప్పలకొండమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. లోపలికి వెళ్ళి, కొడుకు చంకల కింద చేతులు వేసి పైకి లేపింది.