తునికాకు రంగు

“జనాబాయి మన కుండల చెయ్యి పెట్టిందంట అక్కా. కుండ ఫట్టుమందంట. దేవుడే చూపిచ్చిండంటున్రు.”

పొద్దున్నే గోడ మీదుగా మా అమ్మకు పక్కింటి సుందరబాయి చెప్పిన మాట ఇది. ముందురోజు తను బీడీ కార్ఖానా పనికి పోలేదు, చూడలేదు. నేను చూశాను. కాలేజీకి పోతూ, కార్ఖానా ఉన్న ఇత్వారా సందులో నిలబడి చూశాను.

ఆ కార్ఖానాలో రెండు మంచినీళ్ల కుండలుండేవి. అంటరానివాళ్లుగా చూసే మహార్‌వాడ ఆడవాళ్లకు మూతి విరిగినది, మిగతావాళ్లకు మంచిది. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఎండాకాలమది. విరిగిన కుండ అడుగంటింది. మహార్‌వాడ జనాబాయి మంచి కుండలో గ్లాసు ముంచింది. కార్ఖానా నడిపే ఠేకేదార్ శంకర్రావు ఆ కుండను కాలితో తన్నాడు. “రేపటి సంది రాకు” అని ఆమెను బయటికి గెంటాడు.

సినిమా పోస్టర్లు అంటించే మార్కండేయ కూడా అది చూశాడు. చిరిగిన పోస్టర్ ముక్కలు అతికించి బొమ్మలు చేసే పిచ్చి అతనికి. మర్నాడు మధ్యాహ్నానికల్లా కార్ఖానా గోడ మీద గ్లాసెత్తి నీళ్లు తాగుతున్న జనాబాయి బొమ్మ లేచింది. జనం మూగారు. జనాబాయి కూడా వచ్చింది.

“గీమె ఎవలురా?”

“నువ్వే అక్కా.”

“నేనా! గీ ఎర్రబుగ్గలామె ముట్టుకుంటే వాడు కుండ తన్నునా?”

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. మార్కండేయ తల గోక్కున్నాడు. “నేనేం జెయ్యాలె? పోస్టర్లల్ల హీరోయిన్లు తెల్లగనే ఉంటరు. క్యాలెండర్ల దేవతలూ అంతే. నల్లమొహం కావాల్నంటే గూండాలదే దొరుకుతది.”

నవ్వు ఆగిపోయింది.

పొద్దున దేవుడి మాట చెప్పిన సుందరబాయి, కుండ తన్నింది ఠేకేదారేనని విని, అందరికంటే ముందు కదిలింది. తన చాటలోని, బీడీలు చుట్టే తునికాకు కత్తిరింపులు అతని ముందు కుమ్మరించింది. “గివి అంటియ్యి.” మిగతావాళ్లూ చాటలు దులిపారు. మైదా జిగురు పూసి ముక్క మీద ముక్క అతికించారు. ఎవరి చాటలోది ఎవరి ముక్కో తెలియకుండా జనాబాయి చెంప తయారైంది. గ్లాసు ఉన్నచోట పగిలిన కుండ పెంకు పెట్టారు.

తెల్లారి ఎవరూ లోపలికి పోలేదు. బొమ్మ కిందే కూర్చుని శంకర్రావుకు చెప్పారు.

“జనాబాయిని పనిల పెట్టుకో. కుండ ఒక్కటే ఉండాలె. అప్పుడే అస్తం.”

శంకర్రావు ఇద్దరు పోలీసులను తెచ్చాడు. లాఠీలు చూసినా ఒక్కరూ లేవలేదు. బీడీలు కొనే బేరగాళ్లు బయట కాచుకుని ఉన్నారు, సరుకు లేదు. మధ్యాహ్నానికి శంకర్రావే కొత్త కుండ తెప్పించాడు.

“సరే, ఒక్కటే కుండ. జనాబాయి కూడా రానీ. నా తాన అందరూ సమానమే. ఇగ ఆ బొమ్మ పీకుర్రి, పనికి నడువుర్రి.”

సుందరబాయి గ్లాసు ముంచుకుని తాగింది. అదే గ్లాసు జనాబాయికిచ్చింది. ఆమె సగం తాగి, మిగిలిన సగం శంకర్రావు ముందు పట్టింది.

“ఎండల నిలబడ్డవు ఠేకేదార్. తాగు. బొమ్మ సంగతి తర్వాత మాట్లాడుదం.”