మొలలో ఫ్యూజు

నా పేరు ఆనంది. సింగానల్లూరు అవతల ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం కంప్యూటర్ పిల్లలకు ఆలోచించడం నేర్పుతాను. అవును, జీతం తీసుకుని అదే నేర్పుతాను. ప్రోగ్రాం రాసే ముందు సమస్యేమిటో చూడండర్రా అని గొంతు చించుకోవడమే నా పని. వాళ్ళకేమో సమస్య వినకముందే జవాబు కావాలి. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కిందటి నెల, మీ ఇంట్లో ఒక ఇబ్బంది పట్టుకుని దాన్ని తీర్చి రండి అన్నాను. తేని పక్క పల్లె నుంచి వచ్చే కవిన్ చేసిన ప్రాజెక్టు చూసి ముచ్చటపడ్డాను. వాళ్ళ తోట బావి మోటారుకు కరెంటు రోజూ కొన్ని గంటలే వస్తుంది. తాత తంగవేలు పెట్టెలోంచి తెల్ల పింగాణీ ఫ్యూజు పీకి మొలలో దోపుకుని తిరుగుతుంటాడు. ఆయన వచ్చి పెట్టేసరికి కరెంటు పోతుంది, పైరు ఎండుతుంది. అందుకని కవిన్ కొత్త పెట్టె బిగించాడు. కరెంటు రాగానే మోటారు వేసేలా, ఫోనులోంచీ ఆపగలిగేలా దానికి ప్రోగ్రాం రాశాడు. పాత పెట్టె తీయడానికి తాత ఒప్పుకోలేదట. దాన్ని గోడకే ఉంచి, వైరును వెనకనుంచి కొత్త పెట్టెకు తిప్పేశాడు. ఇక పాత పెట్టెలో ఫ్యూజు ఉన్నా లేకున్నా ఒకటే.

ఏభైకి ఏభై వేశాను. "అడ్డం తొలగించిన తీరు బాగుంది" అని ఎర్ర సిరాతో రాశాను కూడా. అంతటితో ఊరుకోక, ఆ కాగితాలు క్లాసందరికీ పంచి, చేస్తే ఇలా చేయాలి అన్నాను.

ఈ బుధవారం మధ్యాహ్నం రెండూ పదికి అదే ప్రాజెక్టు మళ్ళీ తెర మీద వేశాను. చుట్టూ తమిళమే అయినా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలతో నేను క్లాసులోనూ తెలుగే మాట్లాడతాను.

"మీ తాత ఇప్పుడేమంటున్నాడు కవిన్?"

వాడు నవ్వాడు. "తాతకి ఇంకా తెలీదు మేడమ్. పెట్టెని నిన్న సాయంత్రమే ఫోనులో ఆన్ చేసినాను. ఈ దినం గూడా బాయిలో దూరు వారేదానికి ఫ్యూజు పీకి మొలలో పెట్టుకొనే దిగినాడు."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను.

మా నాయన గుర్తొచ్చాడు. ఎండాకాలం దూరు వారడానికి, అంటే పూడిక తీయడానికి, బావిలోకి దిగేటప్పుడు ఆయనా ఫ్యూజు మొలలో పెట్టుకునేవాడు. అమ్మ అడిగినా ఇచ్చేవాడు కాదు. నీళ్ళలో నిలబడ్డ మనిషి పక్కన మోటారు తిరిగితే, తడిసిన పాత వైరు ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి. తాను కింద ఉన్నంతసేపు పైన ఎవరూ మోటారు వేయకుండా ఆయన చేసుకున్న ఏర్పాటు అది. మా వాళ్ళ ఊళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ దాన్ని అడ్డం అని రాశాను. సిగ్గుతో నా ముఖం కాలిపోయింది.

"మీకు కరెంటు ఎన్నింటికి వస్తుంది?"

"రెండున్నరకి మేడమ్."

"ఫోనులో ఆపేయ్. ఇప్పుడే."

అప్పుడు తట్టింది వాడికి. ముఖం పాలిపోయింది. "కరెంటు లేకుంటే పెట్టె ఫోను మాట వినదు మేడమ్. వస్తానే మోటారు వేసేస్తుంది."

వాళ్ళ అవ్వ రామక్కాళ్‌కు ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. అందరం వాడి బల్ల చుట్టూ మూగాం. రెండూ ఇరవైనాలుగుకు అవ్వ ఎత్తింది.

"ఏమి నా కన్ను, ఇన్ని తూర్లు కొడతా వుండావు? మేకల్ని కట్టేదానికి పోయినాను."

"అవ్వా, తాతని పైకి రమ్మను! బాయిలోనుంచి పైకి రమ్మను!"

ఆమె కేకలు వినిపించాయి. రెండు నిమిషాలకు రొప్పుతూ తాత గొంతు వచ్చింది. "ఎక్కినానురా, ఏమిటికి ఈ గోల? ఫ్యూజు నా మొలలో వుంటే నాకేమి బయం?"

కవిన్ బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు చూశాను. చివరి బెంచీలో ఇందుజ ఒక్కతే కూర్చుని ఉంది, ఫోను చెవికి ఆనించుకుని. వాడిపట్టి అనే ఊరి నుంచి వచ్చే పిల్ల. ఎప్పట్నుంచి చేస్తోందో మేమెవరం చూడలేదు.

"మా నాయన ఎత్తలే మేడమ్," అంది. "మీరిచ్చిన కాగితం చూసి నేనూ అట్లనే చేసినాను. పాత పెట్టెని గోడకే వుంచేసినాను, నాయనకి చెప్పలే. నాయన పొద్దున్నే బాయిలో దిగినాడు."

"మీకు కరెంటు ఎన్నింటికమ్మా?"

"రెండుకి."

గోడ గడియారంలో రెండూ ఇరవైఏడు. ఆ పిల్ల మళ్ళీ నంబరు నొక్కింది.