తమ్ముడి నీలం చొక్కా

తమ్ముడు చనిపోయాక, వాడి గది ఖాళీ చేయడానికి ఈ పరాయి దేశం వచ్చాను. లాండ్రీలో వాడి చొక్కా ఒకటి ఉండిపోయిందట. చీటీ దొరకలేదు. ఇక్కడి భాష నాకు ఒక్క ముక్క రాదు.

ఆవిరి మబ్బులా కమ్ముకున్న ఆ కొట్టులో, లాండ్రీ ఆవిడ ఒక్కో చొక్కా ఎత్తి చూపింది. మోచేతుల దగ్గర అరిగిన నీలం చొక్కా రాగానే మన అలవాటు కొద్దీ తల అటూ ఇటూ ఊపి, "అదే, అదే" అన్నాను. కాదంటున్నాననుకుని ఆమె దాన్ని ఆవిరి లోపలికి తీసుకుపోయింది.

"అయ్యో తల్లీ, అది మావాడిదమ్మా! మోచేతులు అరగదీయడంలో మొనగాడు వాడు!"

నా గొంతు విని ఆమె వెనక్కి వచ్చింది. చొక్కాను నా భుజాలకు ఆనించి చూసింది. పెద్దయ్యాక మా ఇద్దరిదీ ఒకే కొలత. ఆమె దాన్ని మడిచి నా చేతిలో పెట్టింది. చొక్కా ఇంకా వెచ్చగానే ఉంది.