పగలని బుడగలు

పార్సెల్ ఆఫీసులో ప్యాకింగు బల్ల దగ్గర ఎవరూ మాట్లాడరు. బుడగల షీటు చుట్టేటప్పుడు అన్న మాట బుడగలో ఉండిపోయి, అవతల విప్పేటప్పుడు బుడగ పగిలి పైకొస్తుంది. ఆ మధ్య ఒకావిడ ఆడపడుచుకి పంపే గాజు గ్లాసులు చుడుతూ ఆమెనే తిట్టుకుంది. గ్లాసులు క్షేమంగా చేరాయి, రాకపోకలు ఆగిపోయాయి. అప్పట్నుంచి గోడ మీద "చుట్టేటప్పుడు మాట్లాడరాదు" అని రాసిపెట్టారు.

ఇదివరకు ఇళ్ళ ప్లాన్లు గీసిన ఆవిడకి ఆ సంగతి తెలుసు. కానీ కంప్యూటర్‌ని ఇంట్లోనే చుట్టుకుని తెచ్చింది. మొగుడు రెండేళ్ళుగా వేరే ఊళ్ళో ఉద్యోగం. మొన్న ఫోన్ చేసి, "నా కంప్యూటర్ పంపించు, ఆదివారాలు తోచట్లేదు, ఆటలాడుకుంటా" అన్నాడు. ఎలా ఉన్నావని అడగలేదు. 'నా' అన్నాడు గానీ, అది పెళ్ళికి ముందు ఆవిడ తన జీతంతో కొనుక్కున్నది. ఏ రిజిస్ట్రేషను ఆఫీసూ అంత తేలిగ్గా పేరు మార్చదు.

ప్యాకింగు అక్క పెట్టెని చిన్నగా ఊపింది. లోపల ఏదో కటకటలాడింది.

"గ్రాఫిక్స్ కార్డు తియ్యలేదా?"

"తియ్యాలా?"

"బరువుది కదమ్మా. దారిలో కుదుపుకి బోర్డుని విరిచేస్తుంది. విప్పాల్సిందే."

"వద్దక్కా! ఇంట్లో ఎవరూ లేరుగా... చుడుతూ ఏదో మాట్లాడాను."

"ఒంటరిగా చుట్టేవాళ్ళంతా మాట్లాడతారు" అంటూ అక్క కత్తెర అందుకుంది.

బుడగ పగిలింది. "దీనిమీదే తొలి ఇల్లు గీశాను. వంటగదికి మూడు కిటికీలు పెట్టాను."

ఇంకోటి. "ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారో. కిటికీలు తీస్తున్నారో లేదో."

క్యూలో వెనకాయన గడియారం చూసుకున్నాడు. "కాస్త గబగబా పగలగొట్టండి, నా టీవీ ఉంది."

"ఆగవయ్యా, ఆవిడ మాట్లాడుతోంది" అంది అక్క.

మరో బుడగ. "పాత ఆఫీసువాళ్ళు మళ్ళీ పిలిచారు. మూడిళ్ళు గీసివ్వమన్నారు. దీన్ని పంపేస్తే దేనిమీద గీయను?"

ఆవిడ తన గొంతు తనే వింటూ నిలబడింది. ఆ గొంతుని అంతసేపు ఎవరైనా విని ఎన్నేళ్ళయిందో.

అక్క కార్డు విప్పి, కరెంటు పట్టని సంచిలో పెట్టి, పెన్ను తీసింది. "అడ్రసు చెప్పమ్మా."

"కార్డు మళ్ళీ బిగించెయ్యక్కా. ఇది నాతో ఇంటికొస్తుంది."

కింద పడ్డ బుడగల షీటుని ఏరి మడత పెట్టింది. ఇంకా పగలని బుడగల్లో ఏముందో ఆవిడకి తెలుసు: ఎలా ఉన్నావని ఒక్కసారి అడగవా, అని. అదే మాట, ఎన్ని బుడగలుంటే అన్నిసార్లు.

"ఇది పంపు. అడ్రసు ఆయనదే."

తూకం యంత్రం సున్నా చూపించింది.

"దీనికి బరువే లేదమ్మా."

"చేరాక ఉంటుందిలే."

నాలుగోరోజు పొద్దున ఫోన్ మోగింది. అవతల ఒక్కో బుడగే పగులుతున్న చప్పుడు, వెంటే తన గొంతూ వినిపించాయి.

"ఎలా... ఎలా ఉన్నావ్?" అన్నాడు చివరికి.

రెండేళ్ళుగా ఆ మాట కోసం ఫోను చేతిలో పట్టుకుని తిరిగిన మనిషి, ఇప్పుడు దాన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. చెయ్యి మౌసు మీద ఉంది మరి.

"ఉండు" అంది. "కిటికీ సగంలో ఉంది."